వడియాలు పెట్టిన పలక

ఎక్కలేదే చిన్నీ. దాని మీద వడియాలు మాత్రం పెట్టాను.

నిన్న నువ్వు పంపిన వీడియో నేనూ మీ తాతయ్యా నాలుగుసార్లు చూశాం. విశాఖపట్నం సముద్రంలో పొడుగాటి పలక మీద బోర్లా పడుకున్నావు, లేవబోయావు, పడ్డావు, ఉప్పునీళ్ళు మింగావు, మళ్ళీ ఎక్కావు. ఒడ్డు మీద మీ తమ్ముడు నాని గాడి నవ్వు అంతా వినిపించింది. చివర్లో ఫోన్‌కు ముఖం ఆనించి, "అమ్మమ్మా, ఇలాంటి పలక నువ్వెప్పుడైనా చూశావా? ఎక్కావా?" అని అడిగావు. నాకు తెలుసు, ఊరికే అడిగావు. టేకులపల్లి అడవి పక్కన ఉండే అమ్మమ్మకు సముద్రపు పలక ఎక్కడ దొరుకుతుందిలే అనుకుని ఉంటావు.

దొరికింది. ఎనిమిది నెలలు మన ఇంట్లోనే ఉంది. పలక గురించి చెప్పాలంటే దాని మనిషి గురించి చెప్పాలి. ఆ మనిషి పోయిన నెల పోయింది. ఆ కబురు విన్నప్పటి నుంచి ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. నువ్వడిగావు కాబట్టి నీకే చెబుతాను. నాని గాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకో.

పేరు చెప్పను. ఆమె తన సినిమాల చివర కూడా పేరు వేసుకునేది కాదు. ఎందుకని అడిగితే, "పేరు చూడ్డానికి ఎవరు కూర్చుంటారండీ పిన్నిగారూ, ఆ టైముకి అందరూ చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు" అనేది.

ఐదేళ్ళ కిందట, మిరపకాయ కోతలప్పుడు వచ్చింది. ఇక్కడి హైస్కూల్లో పనిచేసే టీచరమ్మ ఒకావిడ ఆమెకు స్నేహితురాలు. మన ఇంట్లో వీధివైపు గది ఖాళీగా ఉందని ఆవిడే చెప్పి పంపింది. ఖమ్మం బస్సు దిగి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది. ఆటో పైన మనిషికంటే పొడుగున్న సంచీ ఒకటి తాళ్ళతో కట్టి ఉంది. మీ తాతయ్య వాకిట్లో కుర్చీలో నుంచే పలకరించాడు.

"మా గదికి తలుపున్నదమ్మా. నువ్వు ఇంకోటి తెచ్చుకునుడెందుకు?"

"తలుపు కాదండీ బాబాయిగారూ. అలల మీద నిలబడే పలక."

"అలలా?" మీ తాతయ్య లేచి సంచీని వేలితో కొట్టి చూశాడు. "ఈడికెళ్ళి సముద్రం ఎంత దూరమో ఎరికేనా బిడ్డా నీకు?"

"తెలుసండీ. అందుకే వచ్చాను."

మీ తాతయ్య కుర్చీ పక్కకు జరిపి ఆమెకు దారి ఇచ్చాడు.

నలభై దాటి ఉంటుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకునేది. ఎండకూ ఉప్పుకూ అది రాగి రంగు తేలింది. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది, దానితో రాయగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఎడమ భుజం కొంచెం కిందికి ఉండేది. కింద నేల ఎప్పుడు కదులుతుందో అన్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేది. గదిలో సామాను సర్దుకునేటప్పుడు అన్నిటికంటే ముందు పలకను అటక మీదికి ఎక్కించి, దాని ముఖం గోడవైపు తిప్పింది.

ఆమె పని సినిమాలు తీయడం. సినిమాలంటే మీరు టికెట్టు కొనుక్కుని చూసేవి కావు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు ఉంటాయి. పాటలుండవు, ఫైటింగులుండవు. ఒక ముసలామె తాడు పేనుతుంది, అంతే. చూస్తూ చూస్తూ ఉంటే మనకు ఎందుకో కదలబుద్ధి కాదు. రోజుకు ఒకే ఒక్క షాటు తీసేది. బాగా వచ్చినా, పాడైనా అదే. రెండోసారి తీయదు.

"అదేం పంతం బిడ్డా?" అన్నాను ఒకసారి.

"అల రెండోసారి రాదు కదండీ. ఆ అలవాటు."

ఆ ఒక్క షాటు కోసం ఎంతసేపైనా కూర్చునేది. రెండు చేతుల వేళ్ళూ కలిపి కిటికీలా చేసి, అందులో నుంచి ఒక కన్ను మూసి నా పొయ్యిని చూసేది, పిల్లిని చూసేది, ఆరేసిన చీరను చూసేది. ఎవరైనా తొందరపెడితే, "వెలుగు రానీండి" అనేది. మిట్ట మధ్యాహ్నం నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కూడా అదే మాట. కొన్నాళ్ళకు నాకు అర్థమైంది. ఆమె ఎదురుచూసేది వెలుగు కోసం కాదు, ఎదుటి మనిషి కెమెరా సంగతి మరిచిపోవడం కోసం.

మీ తాతయ్య షాటు సంగతి చెప్పాలి. తలపాగా చుట్టుకుని కళ్ళంలోకి పోయే రైతు కావాలని అడిగింది. మీ తాతయ్య పెళ్ళిళ్ళకు వేసుకునే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ముఖానికి పౌడరు కొట్టుకున్నాడు. కళ్ళంలో మిరపకాయల ముందు, ఆధార్ కార్డు ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఇంగ తియ్యి."

"వెలుగు రానీండి బాబాయిగారూ."

"ఇంతకంటె ఏం వెలుగొస్తదమ్మా, మాడిపోతున్న."

అరగంట అయింది. పౌడరు చెమటకు చారలు కట్టింది. ఇంతలో వెనక నుంచి ఎవరిదో బర్రె కళ్ళంలోకి వచ్చి మిరపకాయలు తొక్కింది. మీ తాతయ్య తలపాగా ఊడి మెడలో పడుతుంటే, నేను ఇక్కడ చెప్పకూడని మాటలన్నీ అంటూ దాని వెంట పడ్డాడు. ఆమె నిదానంగా బొత్తాం నొక్కింది.

"గది గాదు నా సీను!" అని నెల రోజులు పోట్లాడాడు. "రేపు మళ్ళ తియ్యి. ఈసారి బర్రెను కట్టేసి తియ్యి."

"అయిపోయిందండీ. రేపు వేరే షాటు."

ఇన్ని చూసినా ఒక సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. స్నానానికి బకెట్టు సగమే నింపుకునేది. భుజం నొప్పి కాబోలనుకున్నాను. చెరువు వైపు మాత్రం షాటుకు పోయేది కాదు. అటు దారి బాగుండదు కాబోలనుకున్నాను. బీడీలు చుట్టే తునికాకు కోతలప్పుడు అసలు విషయం తెలిసింది.

ఆకు కోయడానికి తండా ఆడవాళ్ళు పొద్దున్నే అడవిలోకి పోతారు. వాళ్ళ చేతులు తీస్తానంది. తోడుకు నేనూ బయలుదేరాను. మధ్యలో వాగు ఉంది. ఎండాకాలం కదా, నీళ్ళు పాదం మునిగేంతే ఉన్నాయి. ఆడవాళ్ళందరూ చెప్పులు చేత్తో పట్టుకుని దాటేశారు. ఆమె ఇవతల ఇసుకలోనే ఆగిపోయింది.

"ఓ మేడం, జల్దీ రా! మొసళ్ళేం లెవ్వు!" అని అవతలి నుంచి నవ్వుతున్నారు.

"మీరు వెళ్ళండి, నేను ఇక్కడి నుంచే తీస్తాను" అంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. నేను వెనక్కి తిరిగి వచ్చి పక్కన కూర్చున్నాను. అప్పుడు తనే చెప్పింది.

పదేళ్ళు ఆమె అలల మీద పలక వేసుకుని తిరిగిన మనిషి. పలక మీద పడుకుని, చేత్తో కెమెరా పట్టుకుని అలను లోపలి నుంచి తీసేదట. పలకకూ కాలికీ మధ్య ఒక తాడు కట్టుకుంటారు కదా, నువ్వూ కట్టుకున్నావు వీడియోలో. ఒకరోజు పెద్ద అల ఆమెను తోసేస్తే, ఆ తాడు కింద రాతికి చిక్కుకుందట. భుజం విరిగింది.

"భుజం అతుక్కుందండీ. అదేం లేదు. కానీ నీళ్ళ కింద అన్ని వైపులా ఒకటే వెలుగు పిన్నిగారూ. పైన ఎటో, కింద ఎటో తెలీలేదు. ఇప్పటికీ నీళ్ళు చూస్తే అంతే. ఈ పాదం లోతు నీళ్ళు చూసినా అంతే."

"మరి ఆ పలకను వెంటేసుకుని తిరుగుడెందుకు బిడ్డా?"

"అక్కడ వదిలేస్తే ఇంకెవరో ఎక్కేస్తారు కదండీ."

అప్పుడే ఇంకో మాట చెప్పింది. సముద్రం మీద ఒక సినిమా మొదలుపెట్టిందట. అంతా అయింది, చివరి షాటు ఒక్కటే మిగిలింది. అది నీళ్ళలో నిలబడి తీయాల్సిన షాటు. "దసరా దాకా చూస్తానండీ. అప్పటికీ దిగలేకపోతే కెమెరా, పలక ఎవరికైనా ఇచ్చేసి మా అన్నయ్య రంగుల కొట్లో కూర్చుంటాను. చుట్టూ డబ్బాలే, నీళ్ళుండవు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇక వడియాల దగ్గరికి వస్తున్నాను. నవ్వకండి.

అది మే నెల. ఆమె పన్ను నొప్పని ఖమ్మం పోయింది. నేను సగ్గుబియ్యం జావ కాచి పెట్టుకున్నాను. డాబా మీద పరిచే ప్లాస్టిక్ కాగితాన్ని ఎలుకలు కొరికేశాయి. జావ చల్లారిపోతోంది. ఏం చేయాలో తోచక ఇల్లంతా చూస్తుంటే అటక మీద పలక కనిపించింది. పొడుగ్గా, నున్నగా, తెల్లగా ఉంది. వడియాల కోసమే చేసినట్టుంది. కాసేపటి పనే కదా, ఆమె వచ్చేలోపు కడిగి పెట్టేద్దామనుకున్నాను. పక్కింటి కోడలిని పిలిచి ఇద్దరం డాబా మీదికి ఎక్కించాం. పలకకు ఒకవైపు ఏదో జిడ్డుగా రాసి ఉంది. చేత్తో ముట్టుకుంటే కొబ్బరి వాసన. మంచిదే, వడియాలు అంటుకోకుండా ఎవరో నూనె రాసిపెట్టారనుకుని, సరిగ్గా ఆ వైపే వరసలు వరసలుగా పెట్టాను. నూట ఇరవై వడియాలు పట్టాయి.

అది నూనె కాదు, మైనం. తడికాలు జారకుండా ఉండాలని పలకకు రాస్తారట. మన మే నెల ఎండకు ఆ మైనమంతా కరిగి, వడియాల్లోకి ఇంకి, సాయంత్రానికి రెండూ కలిసి రాయిలా బిగుసుకున్నాయి. ఒక్కటి ఊడలేదు. అట్లకాడ తెచ్చి గోకుతూ ఉన్నాను. మీ తాతయ్య నిచ్చెన మొదట్లో నిలబడి కామెంట్రీ చెబుతున్నాడు.

"అయిపోయింది నీ పని. ఆ పిల్ల ప్రాణం దాని మీదనే ఉన్నది. పోలీస్‌ టేషన్ల కేసు పెడతది. వడియాల కేసు."

"నువ్వు జర నోరు మూసుకుంటవా? నేనే పరేషాన్‌ల ఉన్న."

"నేను సాక్ష్యం చెప్త. రెండు తిన్న గద."

నిజంగానే తిన్నాడు. ఊడొచ్చిన నాలుగు ముక్కలు వేయించి చూస్తే, రుచి ఎలా ఉందని అడిగితే, "కొబ్బరి వేసినవా? మంచిగనే ఉన్నయ్" అన్నాడు. మర్నాడు కడుపులో గడబిడ అయిందనుకో.

ఆ సాయంత్రమే ఆమె ఖమ్మం నుంచి తిరిగొచ్చి నిచ్చెన ఎక్కింది. నేను లేచి నిలబడ్డాను. చేతిలో అట్లకాడ. ఆమె పలకను చూసింది, వడియాలను చూసింది, నన్ను చూసింది. వేళ్ళతో ఆ కిటికీ పెట్టి మళ్ళీ చూసింది. తర్వాత అక్కడే డాబా మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. వాగు దగ్గరి నవ్వు కాదిది. పన్ను పీకించుకున్న బుగ్గను చేత్తో పట్టుకుని, "అమ్మో నొప్పి, అమ్మో నవ్వించకండి" అంటూ నవ్వింది. ఎవరూ నవ్వించడం లేదు, మేమిద్దరం బిగుసుకుపోయి ఉన్నాం.

ఆ మర్నాటి నుంచి మూడు రోజులు పలకను బాగుచేసింది. ఎండలో పెట్టి, మైనం మెత్తబడగానే పాత బస్సు పాసుతో గీకి, గుడ్డతో తుడిచేది. అటక ఎక్కించాక ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. మొదటి రోజు చేతికి గుడ్డ చుట్టుకుంది. మూడో రోజుకు అరచేత్తో నిమురుతూ, ఏ గీత ఏ రాతికి తగిలి పడిందో నాకు చెబుతోంది.

పాత మైనం పోయింది, కొత్తది ఇక్కడెక్కడ దొరుకుతుంది? నేనే దారి చెప్పాను. సంతకు అడవి తేనె తెచ్చే ఆమె దగ్గర తేనెమైనం ముద్దలు ఉంటాయి. గుగ్గిలం కూడా ఆమె దగ్గరే దొరుకుతుంది. రెండూ కొనుక్కొచ్చి, కొబ్బరినూనె కలిపి నా పొయ్యి మీద కాచాం. ఇడ్లీ గుంటల్లో పోసి చల్లార్చాం. ఇల్లంతా పూజకు సాంబ్రాణి వేసినట్టు వాసన. ఆమె ఆ బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని, "సముద్రానికి ఈ వాసన తెలీదండీ" అంది. నేను ఆ ఇడ్లీ పళ్ళెం మళ్ళీ వాడలేదు, మీ తాతయ్య ఎంత అడిగినా.

"రాసుడైతే రాసినవ్. ఏడ తేలుస్తవ్ దీన్ని?" అన్నాడు మీ తాతయ్య.

ఆమె పలకను మళ్ళీ అటక ఎక్కించింది. వానలు పడి చెరువు నిండిన వారానికి, ఒక పొద్దున, పలకను గోనెపట్టాలో చుట్టి, "పిన్నిగారూ, చెరువు దాకా తోడొస్తారా?" అంది.

ఊరి చెరువు అడవి అంచున ఉంది. దారిలో చెక్‌పోస్టు. గోనెపట్టాలో చుట్టిన ఏడడుగుల చెక్కను ఆటో పైన చూసి గార్డు ఊరుకుంటాడా?

"దించు. ఏంది గిది? టేకు చెక్కనా?"

"కాదండీ, ఇది సముద్రంలో..."

"సముద్రమా? ఇంగో మాట చెప్పు మేడం. గట్ల చానమందిని చూసిన." పట్టా విప్పించి, పలకను తట్టాడు, వాసన చూశాడు. "గుగ్గిలం వాసనొస్తుంది. అడవి చెట్టే. యే చెట్టు గిది?"

చివరికి నేను దిగాను. "అయ్యా, నేను దీని మీద వడియాలు పెట్టిన. టేకు చెక్క ఎంత బరువుంటదో నీకు ఎరుకే. ఒక కొసను పట్టుకుని లేపి చూడు." ఒంటి చేత్తో లేపాడు. బరువు లేదు. ముఖం చిన్నబుచ్చుకుని, "వడియాల పీటని ముందే చెప్పొద్దా అవ్వా?" అని గేటు ఎత్తాడు. అప్పటి నుంచి ఎప్పుడు ఆ దారిన పోయినా వడియాలయ్యాయా అని అడిగేవాడు.

ఆ రోజు ఆమె నీళ్ళలో దిగలేదు. గట్టు మీద కూర్చుని వచ్చేసింది. మర్నాడు నీటి అంచు దాకా. ఆ మర్నాడు పాదాలు. షాట్ల లెక్కే, రోజుకు ఒక్క అడుగు. నేను టిఫిను గిన్నె పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చిన రోజు, ఒడ్డెక్కగానే నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే వేలి గుర్తులు పడ్డాయి. అక్కడే వాంతి చేసుకుంది. మర్నాడు రాదనుకున్నాను. నాకంటే ముందే ఆటో పిలిచింది.

చెరువులో చేపలు పట్టే ఎల్లయ్య అని ఒకాయన ఉన్నాడు. థర్మాకోల్ అట్టలు కట్టి చేసిన తెప్ప మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని వల వేస్తాడు. ఆయనకు ఆమె పలక మీద కన్ను పడింది.

"తల్లీ, నా తెప్పకంటె నీది మంచిగున్నది. లోపల థర్మాకోలేనా?"

"అలాంటిదే అన్నా."

"మరి గూసుండక నిలబడుడేంది? నిలబడి చేపలెట్ల పడతవ్?"

"పట్టను అన్నా. ఊరికే నిలబడతాను."

ఎల్లయ్య నావైపు చూశాడు. ఈమెకు బాగానే ఉందా అని ఆ చూపు.

దసరాకు పది రోజులుందనగా ఒక పొద్దున, ఆమె కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇవాళ మీరు తీయండి" అంది. నాకు ఫోన్‌లో ఫోటో తీస్తేనే బొటనవేలు పడుతుంది, మీకు తెలుసు కదా. వద్దంటే వినలేదు. "ఈ ఎర్ర బొత్తాం నొక్కి నావైపు పెట్టండి. అంతే. ఒక్కసారే." కాలికి తాడు కట్టుకోలేదు. పలక మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయింది. నేను ఎర్ర బొత్తాం నొక్కాను. గాలికి చెరువు మీద సన్నటి ముడతలు పడుతున్నాయి. అల అనడానికి కూడా లేదు. ఆమె మోకాళ్ళ మీద లేచింది. ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. నిలబడింది. కాళ్ళు ఎడంగా, చేతులు బార్లా చాపి, మన చెరువు నడుమ నిలబడింది చిన్నీ. అప్పుడు తెలిసింది నాకు, ఆమె నా వంటింట్లో నిలబడే తీరు ఎక్కడిదో.

అంతలో పడిపోయింది.

పలక ఒక్కటే తేలుతోంది. ఆమె లేదు. "బిడ్డా!" అని అరిచాను. లేవలేదు. మళ్ళీ అరిచాను. చీర ఎత్తి పట్టుకోవాలని కూడా తోచక నీళ్ళలోకి నడిచాను. కెమెరా తడవకూడదన్న తెలివి చేతికి ఎలా ఉందో గానీ, దాన్ని ఆకాశంలోకి ఎత్తి పట్టుకునే ఉన్నాను. అవతలి నుంచి ఎల్లయ్య వల వదిలేసి తెప్పను చేతులతో తోస్తూ వస్తున్నాడు. నేను ఇంకో అడుగు ముందుకు వేశాను.

అప్పుడు లేచింది. దగ్గింది, ముఖం మీది జుట్టు తీసుకుంది, తెప్ప మీదున్న ఎల్లయ్యనూ నడుముల దాకా నీళ్ళలో ఉన్న నన్నూ చూసి పెద్దగా నవ్వింది.

"ఆగం చేసినవ్ గదమ్మా!" అన్నాడు ఎల్లయ్య రొప్పుతూ. "గాడ నడుముల్లోతే ఉంటది. లేసి నిలబడితే అయిపోవు."

"అవునా అన్నా?" అంది ఆమె. పలకను దగ్గరికి లాక్కుని మళ్ళీ ఎక్కింది.

సినిమా మన ఇంట్లోనే వేసింది. పట్టపగలు చీకటి కావాలంటే ఊళ్ళో ఒకటే చోటు, మన మిరపకాయల గది. బస్తాలన్నీ ఖమ్మం మార్కెట్‌కు పోయినా ఘాటు పోదు కదా. తలుపులు మూసి, గోడకు దుప్పటి కట్టి, స్కూలు నుంచి తెచ్చిన ప్రొజెక్టరు పెట్టారు. తండా వాళ్ళు వచ్చారు, ఎల్లయ్య వచ్చాడు, చెక్‌పోస్టు గార్డు కూడా వచ్చాడు. మొదటి నిమిషం నుంచే తుమ్ములు. అందరి కళ్ళలో నీళ్ళు. బయట నిలబడ్డవాళ్ళు ఇదేదో బాగా ఏడిపించే సినిమా అనుకుని తోసుకుంటూ లోపలికి వచ్చారు. వాళ్ళూ తుమ్మారు. ముందు మన ఊళ్ళో తీసిన షాట్లు వేసింది. బర్రె వెనక పరిగెత్తే మీ తాతయ్యను చూసి గదంతా ఈలలు వేస్తే, మూతి ముడుచుకున్నవాడు కాస్తా, "గా చొక్కా నాదే" అని పక్కవాడికి చెప్పాడు.

తర్వాత వేసిన సముద్రం సినిమాలో చివరి షాటు నాది. చెరువు, ఆమె, పలక, ఒక మూల నా బొటనవేలు. నిలబడుతుంది, పడుతుంది. తర్వాత తెర మీద ఆకాశం ఒక్కటే ఊగుతూ ఉంటుంది, నా అరుపులు వినిపిస్తాయి. ఎక్కడో ఆమె నవ్వు మొదలవుతుంది. దుప్పటి తెల్లబడుతుంది. పాడుచేశానని సిగ్గుతో తల వంచుకున్నాను.

"మళ్ళ తియ్యరాదు బిడ్డా. నేను జాగ్రత్తగ పడుత."

"ఇదే ఆ షాటండీ పిన్నిగారూ. నీళ్ళలో నిలబడి తీశారు కదా" అంది.

దసరా వెళ్ళిన వారానికి బస్సెక్కింది. అన్నయ్య కొట్టుకు కాదు, సముద్రానికి. తర్వాత ప్రతి ఉగాదికీ ఫోన్ చేసేది. రెండు మూడుసార్లు వీడియో కూడా పంపింది. మన చెరువులో కాదు, నిజం అలల మీద. మీ తాతయ్య ఆ వీడియోలు సంతలో అందరికీ చూపించి, "మా ఇంట్ల తయారైంది" అనేవాడు.

పోయిన నెల వాళ్ళన్నయ్య ఫోన్ చేశాడు. ఏదో జ్వరమనుకున్నారట. రక్తంలో జబ్బట. నెల తిరక్కముందే అయిపోయిందట. ఆయన మెత్తటి మనిషి, చాలాసేపు మాట్లాడాడు. మంచం పట్టే ముందు రోజు కూడా సముద్రంలో ఉందనీ, కొట్లో ఒక్క పూట కూడా కూర్చోలేదనీ చెప్పాడు. ఆమె సినిమా నా ఫోన్‌లో ఉంది చిన్నీ. నీకు పంపుతాను. చివరి ముక్క నేను చాలాసార్లు చూశాను. ఆమె పడ్డ దగ్గరి నుంచి నవ్వు వినిపించేదాకా నిదానంగా లెక్కపెడితే నలభై వస్తుంది. ఎప్పుడు లెక్కపెట్టినా నలభైకి తక్కువ రాదు.

ఆ రోజు చెరువు నుంచి ఆటోలో తిరిగి వస్తూ అడిగాను. నా తడి కొంగు పిండుతూ, "చెప్తానండీ" అంది. బస్సు దగ్గర మళ్ళీ అడిగాను. కండక్టరు విజిలు వేశాడు. ఫోన్‌లో అడుగుదామంటే ప్రతిసారీ మీ తాతయ్య లాక్కునేవాడు. అన్నయ్యను అడిగితే ఆయనకూ తెలీదు.

అక్కడ నడుముల్లోతే కదా బిడ్డా. కాళ్ళు ఆనుతున్నాయి కదా. నేను ప్రాణాలు అరచేత పట్టుకుని అరుస్తుంటే, అంతసేపు ఆ నీళ్ళ కింద ఏం చేస్తూ ఉన్నావు?